కావలిలో రిపేరు సంస్థ పెట్టేవాళ్లకు: రశీదు పుస్తకంతో పాటే సామాన్ల రిజిస్టరు కూడా కొనండి

పాత ఫ్యాన్లు, మిక్సీలు, కుట్టుమిషన్లు బాగుచేసి లేనివాళ్లకు ఇచ్చే సంస్థ కావలిలో పెట్టాలనుకుంటున్నాం, ట్రస్టు మంచిదా సొసైటీ మంచిదా, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, పెత్తనం ఎవరి చేతిలో ఉండాలి అని అడిగారు. నెల్లూరులో ఇలాంటి పనే చేసే చిన్న సొసైటీకి నేను నాలుగేళ్లు కోశాధికారిగా చేశాను. కొంచెం పొడుగైనా అన్నీ చెప్తాను, ఎందుకంటే మేం తప్పులు చేసి నేర్చుకున్నవి మీరు ముందే తెలుసుకుంటే మంచిది.

మాది 2021 నవంబరు వరదతో మొదలైంది. పెన్నా పొంగి భగత్‌సింగ్ కాలనీ మునిగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక బియ్యం, దుప్పట్లు పంచడానికి చాలామంది వచ్చారు గానీ బురద పట్టిన మిక్సీ సంగతి, తుప్పు పట్టిపోతున్న కుట్టుమిషన్ సంగతి ఎవరికీ తట్టలేదు. జాకెట్లు కుట్టి ఇల్లు నడిపే మనిషికి ఆ మిషన్ ఆగిపోతే పూట గడవదు. మేం కొంతమందిమి కలిసి మోటార్లకు కాయిల్ చుట్టే ఒక వైండింగ్ మేస్త్రీని బతిమాలి తెచ్చుకుని, విడిభాగాలకు చేతి డబ్బులు పెట్టుకుని మొదలుపెట్టాం. కొన్ని నెలలకే జనం తమ ఇళ్లల్లో మూలపడ్డవన్నీ తెచ్చివ్వడం మొదలైంది, అద్దెకు ఒక రేకుల షెడ్డు తీసుకోవాల్సి వచ్చింది, అప్పుడు రిజిస్టర్ చేయించాం.

ట్రస్టా సొసైటీనా అంటే నా ఓటు సొసైటీకే. ట్రస్టు తొందరగా అవుతుంది, ఇద్దరున్నా చాలు, కానీ డీడ్‌లో, అంటే ట్రస్టు పత్రంలో, రాసుకున్న ట్రస్టీలను తర్వాత కదపడం చాలా కష్టం. సొసైటీకి 2001 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయాలి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చదవాలి, కమిటీ జాబితా పంపాలి. ఇదంతా ఎందుకీ టెన్షన్ అనిపిస్తుంది. అయినా నిలబడి అడిగే హక్కు సభ్యులకు ఉండబట్టే మా సంస్థ నిలిచింది.

మొదటి ఏడాది నా క్యాష్ బుక్ పైసాతో సహా సరిపోయింది. ఆడిటర్ కూడా ఏ ఆక్షేపణా పెట్టలేదు. నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ ఏడాది సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దావిడ లేచి, ఒక ఆఫీసువాళ్లు నాలుగు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు కదా, మూడు పిల్లలకిచ్చారని తెలుసు, నాలుగోది ఏదమ్మా అని అడిగింది. నాకు తెలియదు! తీరా చూస్తే అది కమిటీ సభ్యుడొకాయన ఇంట్లో ఉంది. ఆ నాలుగూ ఇప్పించింది ఆయనే, అందుకని ఒకటి వాడుకుంటే తప్పేముందనుకున్నారు. చెడ్డ మనిషి కాదు, సంస్థ కోసం అందరికన్నా ఎక్కువ తిరిగింది ఆయనే. కానీ దానంగా వచ్చిన ఆస్తిని కమిటీవాళ్లు వాడుకుంటే పరువు సంగతి అటుంచి, ఆదాయపు పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది.

తర్వాత రాగి సంగతి బయటపడింది. కాలిపోయిన మోటారుకు కొత్త కాయిల్ చుట్టినప్పుడు పాత కాయిల్ రాగి మిగులుతుంది, దానికి మంచి ధర ఉంది. ఏడాదంతా ఎన్ని మోటార్లు చుట్టాం, ఎంత రాగి వచ్చింది, ఎటు పోయింది అంటే మా దగ్గర చీటీ ముక్క లేదు. మేస్త్రీని అడిగితే ఆయన నొచ్చుకున్నాడు. "నేను పనిచేసిన షాపులో పాత రాగి మేస్త్రీదేనమ్మా, మీరు వద్దని ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు. నిజమే, మేం చెప్పలేదు. ఆయన్ను దొంగలా చూసినందుకు ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. తర్వాత కూర్చుని మాట్లాడుకుని ఫ్యానుకు ఇంత, మిక్సీకి ఇంత అని ఆయన కూలి పెంచాం, రాగిని ఆయన ముందే తూకం వేసి సొసైటీ పేరున అమ్ముతున్నాం.

అందుకే చెప్తున్నా, డబ్బుకు ఎంత గట్టిగా లెక్క రాస్తారో వస్తువుకూ అంత గట్టిగా రాయండి. సామాను గడప దాటి లోపలికి రాగానే దాని మీద పెయింటుతో నంబరు పడాలి. ఎవరిచ్చారు, ఏం పాడైంది, ఏం మార్చారు, ఎవరు తీసుకెళ్లారు, సంతకం, ఇవన్నీ ఒకే వరుసలో ఉండాలి, బాగుపడక విప్పేసినవి కూడా. రిపేరు చేసేవాళ్లు ఎవరికివ్వాలో నిర్ణయించకూడదు, నిర్ణయించేవాళ్ల దగ్గర షెడ్డు తాళం ఉండకూడదు. కమిటీవాళ్లకూ వాళ్ల దగ్గరి బంధువులకూ ధర కట్టి అయినా సరే ఇవ్వకూడదని బైలాస్‌లోనే, అంటే సంస్థ నియమావళిలోనే, రాయండి. తర్వాత తీర్మానం చేద్దాంలే అనుకుంటే ఆ రోజు ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూసి ఎవరూ నోరెత్తరు.

ఇక డబ్బు. అద్దె, కరెంటు, మేస్త్రీ కూలి ప్రతి నెలా ఉంటాయి, కాబట్టి ప్రతి నెలా వచ్చే డబ్బే కావాలి. మాకు నెలకు వంద, రెండొందలు ఇచ్చే చందాదారులే ఆధారం. ఇచ్చుకోగలిగినవాళ్ల దగ్గర రిపేరు ఛార్జీ కూడా తీసుకుంటాం, అయితే ఇక్కడ జాగ్రత్త. మీ ఆశయాలు పేదలకు సాయం అని కాకుండా పన్ను చట్టం లెక్కలో సాధారణ ప్రజాప్రయోజనం అనే కోవలో పడితే, వ్యాపారం లాంటి రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. ఆశయాలు రాసే ముందే ఆడిటర్‌తో కూర్చోండి.

80జి, అంటే విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు దొరికేలా సంస్థ తీసుకునే నమోదు, ఉంటే విరాళాలు వరదలా వస్తాయని ఆశపడకండి. పాత వాషింగ్ మెషిన్ ఇచ్చి రశీదు అడిగేవాళ్లు మాకు చాలామంది తగిలారు, వస్తువులకు ఆ మినహాయింపు లేదు. నగదైతే 2,000 రూపాయలు దాటితే లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు అసలే లేదు. అయినా తీసుకోండి, ఎందుకంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కావాలంటే సాధారణంగా 12ఎ (సంస్థ రాబడికి పన్ను మినహాయింపు నమోదు), 80జి, సీఎస్ఆర్-1 (ఆ డబ్బు తీసుకోవడానికి చేసుకునే నమోదు), మూడేళ్ల పని అనుభవం అడుగుతారు. మాకు అలా ఒక కంపెనీ వైండింగ్ మిషన్, టెస్టింగ్ బోర్డు కొనిచ్చింది, మేస్త్రీ కూలికి మాత్రం ఇవ్వలేమంది. కాబట్టి సీఎస్ఆర్‌ను సామగ్రికి పెట్టుకోండి, దాన్ని నమ్మి జీతాలు ఒప్పుకోకండి.

మన జిల్లాలో ప్రతి వీధికీ అమెరికాలో ఒకరుంటారు, కచ్చితంగా పంపిస్తామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే దాన్ని విదేశీ విరాళంగా లెక్కపెట్టరు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, సొంత మేనమామైనా సరే, పంపితే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. మేం ఒకాయనది వెనక్కి పంపాం, ఆయనకు కోపం వచ్చింది, ఏం చేస్తాం.

బాగుపడని కంప్యూటర్ బోర్డులు, టీవీలు పాత సామాన్ల కొట్టుకు వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) నిబంధనల కింద నమోదైన రీసైక్లర్లు ఉంటారు, వాళ్లకే ఇచ్చి రశీదు తీసుకోండి, ఆ రశీదు నంబరూ రిజిస్టరులోకి ఎక్కాలి.

మీ బైలాస్ చిత్తు ప్రతి రాసుకున్నాక ఒక ఆదివారం పొద్దున మా షెడ్డుకు రండి. మా పాత రిజిస్టరు, కొత్త రిజిస్టరు రెండూ మీ ముందు పెడతాను, గళ్లు ఎలా గీయాలో మేస్త్రీయే చూపిస్తాడు, ఇప్పుడు వాటిని రాసేది ఆయనే.