చిట్టీ ఎత్తి సముద్రానికి పోవాలా?

నల్లగొండ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 42 వేలు. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. పిల్లలు ఇంతవరకు సముద్రం చూడలేదు. సంక్రాంతి సెలవులకు సూర్యలంక పోదామంటే సముద్రం కనపడే కాటేజీ రాత్రికి 8 వేలంటున్నారు. మూడు రాత్రులు, కారు, తిండి అన్నీ కలిపి 50 వేలు అవుతున్నాయి. 20 నెలల లక్ష రూపాయల చిట్టీ ఉంది, ఇది ఆరో నెల. పాట 28 వేల దాకా పోతోంది. ఎత్తేద్దామా?

సముద్రానికి తప్పకుండా వెళ్లండి. చిట్టీ జోలికి మాత్రం పోకండి.

28 వేలకు పాడితే మీ చేతికొచ్చేది 72 వేలు. చివరిదాకా ఆగితే, కమీషన్ 5 శాతం అనుకున్నా 95 వేలు వస్తాయి. అంటే 14 నెలలు ముందుగా తీసుకుంటున్నందుకు 23 వేలు వదులుకుంటున్నారు. మన ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి రెండుంబావు రూపాయల వడ్డీ. ఆస్పత్రి ఖర్చో, కాలేజీ ఫీజో మీద పడితే ఆ వడ్డీకి తెచ్చినా ఒక అర్థముంది, షికారుకు లేదు. ఇక ట్రిప్పు పోను మిగిలే 22 వేలంటారా, అవి ఎటు పోయాయో వచ్చే ఉగాదికి మీకే గుర్తుండదు.

ఇప్పుడు కాటేజీ సంగతి. రాత్రికి 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం, ఆ లోపు అయితే 5 శాతమే. మీరు చెప్పిన గదికి మూడు రాత్రులకు పన్నుతో 28,320 అవుతుంది. 4 వేల గదిలో రెండు రాత్రులుంటే 8,400. ఈ తేడాలో సగానికి పైగా ఒక్క కిటికీకే. ఆ కిటికీకి నేనూ ఒకసారి డబ్బు కట్టాను. ఎండకు పరదాలు దించేసి, ఏసీ పెట్టుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయాం. మా పిల్లలైతే బాత్రూం మగ్గు పట్టుకుపోయి పొద్దుగూకేదాకా తడి ఇసుకలో కోట కట్టారు. అల వచ్చి కూల్చడం, మళ్లీ కట్టడం. గదిలోకి రమ్మంటే ఏడుపు.

అందుకే గది ఖర్చు తగ్గించి, బయట తిరగడానికి పెట్టండి. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. తెల్లవారకముందే పిల్లల్ని లేపి తీసుకెళ్లండి, టికెట్ లేదు. అదే వేళకు పడవలు ఒడ్డుకొస్తే వల దులపడం చూడొచ్చు. బేరమాడి చేపలు కొని, దగ్గరి హోటల్లో వండించుకుంటే రిసార్టు భోజనం కంటే చవక, రుచీ ఎక్కువ. బొరియల్లోంచి తొంగిచూసి పారిపోయే చిన్న పీతల వెంట పరుగెత్తడానికి ఒక సాయంత్రం చాలదు. నీళ్లలోకి మాత్రం మోకాలి లోతు దాటనివ్వకండి. సాగర్ కాలువలో ఈదిన అనుభవం అలల దగ్గర పనికిరాదు.

రెండో రోజు బండి మాట్లాడుకుని చీరాల వైపు వెళ్లండి. వాడరేవు చూసి మోటుపల్లి పోవచ్చు. ఓరుగల్లు ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. సరుకు మీద సుంకం ముప్పైకి ఒకటే అని అందులో రాయించాడు. 18 శాతం బిల్లు చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. చీరాలలో చేనేత చీరల దుకాణాలుంటాయి, ఆ ఖర్చు నా లెక్కలో లేదు, అత్తాకోడళ్లు ముందే మాట్లాడుకోండి. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి కూడా చూపించాలనిపిస్తుంది, కానీ దానికి ఇంకో రోజు కావాలి. ఈసారికి వద్దు.

కారు కూడా వద్దు. నల్లగొండ నుంచి గుంటూరు, తెనాలి మీదుగా బాపట్లకు రైలుంది, అక్కడి నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లే. రైలు, ఆటోలకు 4,500, గది, అదనపు మంచం కలిపి 10,000, తిండికి 6,000, ఒకరోజు బండికి 4,000, చేతి ఖర్చులకు 2,500. మొత్తం 27 వేలు. పండగకు పది నెలల టైముంది కాబట్టి ఈ నెలే బ్యాంకులో నెలనెలా 2,700 కట్టేలా పది నెలల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. 6 శాతం వడ్డీ అనుకున్నా ఏడు వందల దాకా కలుస్తుంది. మీవారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంటే టికెట్లు దాచండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికే మినహాయింపు, అదీ ప్రయాణ ఛార్జీలకే.

పండగ మూడు రోజులూ వదిలేసి సెలవుల మొదట్లోనే వెళ్లిరండి. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే నవంబరులోనే. అత్తమ్మ వయసు సరిగ్గా నింపండి, కింది బెర్తు ఇవ్వడంలో ఆమెకు ప్రాధాన్యం ఉంటుంది.