టెక్ సందేహాలు: బిట్ ఊడిపోతోందా? ముందు దాని తోక చూడండి

ఈ వారం ఫోన్లకు సెలవు. పండగ ఆఫర్లలో కార్డ్‌లెస్ మెషీన్లు కొన్నవాళ్లు ఎక్కువైనట్టున్నారు. వచ్చిన ప్రశ్నల్లో సగం ఇంపాక్ట్ డ్రైవర్ మూతి దగ్గరే తిరుగుతున్నాయి. స్క్రూ గట్టిపడగానే టకటకా దెబ్బలు కొడుతూ తిప్పి బిగించే మెషీన్ అది. దాని మూతిలో పెట్టే స్క్రూడ్రైవర్ ముక్కే బిట్, మెషీన్‌లోకి దూరే కొసే దాని తోక.

ప్రశ్న: కొత్త 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రైవర్ కొన్నాను సార్. స్క్రూ బిగించి వెనక్కి తీయగానే బిట్ స్క్రూ తలలోనే ఉండిపోతోంది. షాపువాళ్లేమో మెషీన్‌లో ఏ లోపమూ లేదంటున్నారు.
– ఒక వడ్రంగి మేస్త్రి, వేదాయపాళెం, నెల్లూరు

మేస్త్రి గారూ, ఈసారికి షాపువాళ్ల మాటే నిజమై ఉండొచ్చు. మీరు పెడుతున్నది 25 మిల్లీమీటర్ల పొట్టి బిట్ అని నా అనుమానం.

డ్రిల్ మెషీన్ చక్‌లో మూడు దవడలుంటాయి. తిప్పి బిగిస్తే దొరికిన బిట్‌ను దొరికినట్టు కరుచుకుంటాయి. ఇంపాక్ట్ డ్రైవర్ అలా కరవదు. దాని మూతిలో ఉండేది పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ఆరు పలకల రంధ్రం. ఆ రంధ్రం పక్కన ఆవగింజ కంటే పెద్దది, మిరియం కంటే చిన్నది, ఒక స్టీల్ గుండు ఉంటుంది. కొన్ని మెషీన్లలో రెండుంటాయి. మూతి చుట్టూ ముందుకూ వెనక్కూ జరిగే గొట్టమే కాలర్. దాన్ని మీరు వదలగానే ఆ గుండు లోపలికి జరిగి, బిట్ తోక చుట్టూ ఉన్న గాడిలో కూర్చుంటుంది. తలుపుకు గడియ పడ్డట్టన్నమాట. బిట్‌ను తిప్పేది ఆరు పలకలు, ఊడకుండా ఆపేది గుండు.

పొట్టి బిట్‌కు ఆ గాడి ఉండదు. మూలల దగ్గర చిన్న గాట్లుంటాయంతే. పైగా అది రంధ్రంలో మరీ లోపలికి దిగిపోతుంది. గడియకు కొక్కెం లేకపోతే తలుపెలా ఆగుతుంది? 50 లేదా 65 మి.మీ. పొడుగు బిట్లు అడిగి తీసుకోండి, తోక చుట్టూ గాడి కంటికి కనబడాలి. ఉన్న పొట్టి బిట్లు పారేయక్కర్లేదు. అయస్కాంతం ఉన్న బిట్ హోల్డర్ ఒకటి కొంటే దాని తోకకు గాడి ఉంటుంది, పొట్టి బిట్ దాని ముందు కూర్చుంటుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. గాడి నుంచి తోక చివరకు ఉండే దూరం అన్ని బిట్లకూ ఒకటి కాదు. పొట్టి తోకవి, పొడుగు తోకవి రెండు రకాలొస్తాయి. లోతు రంధ్రమున్న మెషీన్‌లో పొట్టి తోక బిట్ నిలవాలంటే అడుగున బిట్ పీస్ అనే చిన్న ముక్క వేయాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా వంద బిట్ల డబ్బా తెప్పించుకునే వాళ్లు మెషీన్‌తో వచ్చిన కాగితంలో ఈ బొమ్మ ఒకసారి చూసుకోండి. ఆ కాగితాన్ని మనం డబ్బాలోంచి తీయనే తీయం, నాతో సహా.

పరీక్ష తేలిక. బ్యాటరీ తీసేయండి. కాలర్ ముందుకు లాగి, బిట్‌ను అడుగు తగిలేదాకా తోసి, కాలర్ వదలండి. అది పూర్తిగా వెనక్కి రావాలి. సగంలో ఆగిందంటే గుండు గాడిలో పడలేదు. తర్వాత కాలర్ ముట్టుకోకుండా బిట్ పట్టుకుని గట్టిగా లాగి చూడండి.

ప్రశ్న: నా దగ్గర గుండ్రటి తోక డ్రిల్ బిట్లు చాలా ఉన్నాయి. అడాప్టర్ చక్ పెట్టి ఇంపాక్ట్ డ్రైవర్‌తోనే స్లాబ్‌కు ఫ్యాన్ హోల్స్ వేయొచ్చా?
– ఒక ఎలక్ట్రీషియన్, ఒంగోలు

అడాప్టర్ చక్ అంటే ఆరు పలకల తోక ఉన్న చిన్న దవడల చక్. చెక్కకూ పల్చటి రేకుకూ దానితో నడిపించొచ్చు. కానీ దెబ్బలు మొదలైతే చక్ మెల్లగా వదులవుతుంది, బిట్ లోపలే జారి తిరుగుతుంది. ఆరు పలకల తోకతోనే వచ్చే డ్రిల్ బిట్లు కొనడం మేలు. వాటిలోనూ చవకరకం అయితే పలకలు అయిపోయి గుండ్రం మొదలయ్యే చోట టక్కున విరుగుతాయి. ఇంపాక్ట్‌కు తట్టుకునే రకమని ప్యాకెట్ మీద చూసి తీసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

స్లాబ్‌కు మాత్రం వద్దు. ఇంపాక్ట్ డ్రైవర్ దెబ్బ తిరిగే దిశలో పడుతుంది, స్పానర్ కాడ చివర సుత్తితో కొట్టినట్టు. కాంక్రీటుకు కావలసింది శానం మీద సుత్తితో కొట్టినట్టు ముందుకు పడే దెబ్బ. దానికి తిరుగుతూ ముందుకు కొట్టే ఎస్‌డీఎస్ ప్లస్ (బిట్ తోకలో ఒక రకం) రోటరీ హ్యామరే సరైనది. దాని బిట్ తోక 10 మి.మీ. మందం, గాళ్లూ వేరే, మన డ్రైవర్‌లో దూరదు. మీ పక్కనే చీమకుర్తి కాబట్టి ఇదీ చెప్పేస్తాను: వంటగట్టు గ్రానైట్‌కు కుళాయి కన్నం వేయాలంటే దెబ్బ అసలు ఉండకూడదు. మామూలు డ్రిల్, డైమండ్ కోర్ బిట్, సన్నగా నీళ్లు. ఇంపాక్ట్ పెడితే రాయి పగిలిందని నన్ను తిట్టుకుంటారు.

ప్రశ్న: రొయ్యల చెరువు మీద ఏరేటర్ బోల్టులు బిగించడానికి వాడుతున్నాం. సాకెట్ అడాప్టర్ నెలల తరబడి అందులోనే ఉంచేశాం. ఇప్పుడు కాలర్ కదలదు, అడాప్టర్ రాదు.
– ఒక ఆక్వా రైతు, ఇందుకూరుపేట

ఉప్పు గాలి, తడి చేతులు, పైన చెరువుగట్టు దుమ్ము. గుండు గాడిలో తుప్పుతో అతుక్కుపోయింది. బ్యాటరీ తీసి, మూతి కిందికి వంచి కాలర్ సందులో తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. మూతి పైకి పెట్టి కొడితే అది మెషీన్ లోపలికి కారుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున కాలర్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, అడాప్టర్‌ను వైస్‌లో బిగించి మెషీన్‌ను మెల్లగా వెనక్కి లాగండి. మూతి మీద సుత్తితో మాత్రం కొట్టొద్దు. వచ్చాక అడాప్టర్ తోక చూడండి, పలకల మూలలు మెలిపడి ఉంటే పక్కన పడేయండి. మళ్లీ పెడితే మళ్లీ ఇరుక్కుంటుంది.

తర్వాత గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒకే ఒక్క చుక్క. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోయకండి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది.

కాలర్ విప్పి శుభ్రం చేద్దామనిపిస్తుంది. నాకూ అనిపించింది. ముందున్న రింగును స్క్రూడ్రైవర్‌తో లేపగానే స్ప్రింగు ఎగిరి నా చొక్కా మీద పడింది, గుండు మాత్రం మొజాయిక్ నేల మీద రెండు గెంతులు వేసి బీరువా కిందికి పోయింది. టార్చితో గంటసేపు వెతికి, చివరికి అయస్కాంతాన్ని దారానికి కట్టి లాగాను. విప్పాల్సి వస్తే వెడల్పాటి పళ్లెంలో పాత తువ్వాలు పరిచి, దాని మీద విప్పండి.

ప్రశ్న: బిట్ కొద్దిగా అటూ ఇటూ ఊగుతోంది. వారంటీలో మార్పించాలా?
– ఒక విద్యార్థి, కావలి

బిట్ తేలిగ్గా దూరాలంటే రంధ్రంలో కాస్త సందు ఉండాలి, కాబట్టి కొంచెం ఊగడం మామూలే. అనుమానముంటే ఇంకో తిన్నని బిట్ పెట్టి చూడండి. అది తక్కువ ఊగితే వంగింది మెషీన్ కాదు, మొదటి బిట్. కొలత కచ్చితంగా ఉండాల్సిన కన్నమైతే పక్కింటివాళ్ల డ్రిల్ మెషీన్ అడిగి తెచ్చుకోండి.