గత ఏళ్ల వానల లెక్క చూసి రాబోయే వానాకాలం ఎలా ఉంటుందో చెప్పవచ్చా?

కొంతవరకు చెప్పవచ్చు. అయితే మీ ఊళ్లో ఏ రోజు వాన పడుతుందో కాదు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశం మొత్తం మీద సగటు కంటే ఎక్కువా తక్కువా అన్నంత వరకే.

మన దేశంలో ఈ ప్రయత్నం 1880లలోనే మొదలైంది. హిమాలయాల్లో మంచు బాగా పడిన ఏడాది రుతుపవనాలు బలహీనపడతాయని భారత వాతావరణ శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ గమనించాడు. తర్వాత అదే శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచం నలుమూలల పాత రికార్డులు తిరగేసి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి పీడనం తక్కెడలా ఊగుతుందని పట్టుకున్నాడు. పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలు కన్నా వేడెక్కే ఎల్ నినో దీంతో ముడిపడినదే. అది వచ్చిన ఏడాది మన దగ్గర తరచుగా వానలు తగ్గుతాయి.

కానీ గతం అచ్చంగా తిరిగి రాదు. 1997లో ఎల్ నినో చాలా బలంగా వచ్చింది, కరువు తప్పదని భయపడ్డారు. తీరా చూస్తే వాన సగటును కాస్త దాటింది. 2002లో దీనికి ఉల్టా. వాతావరణ శాఖ 16 అంశాలతో కట్టిన లెక్కల మోడల్ మామూలు వర్షాలే అంది. జూలైలో సగం వాన కూడా పడలేదు, సీజన్ 19 శాతం లోటుతో ముగిసింది.

నా దృష్టిలో అసలు ఇబ్బంది ఉదాహరణలు చాలకపోవడమే. నూరేళ్ల రికార్డున్నా ఈ ఏడాదిని పోలినవి నాలుగైదుకు మించి దొరకవు. పైగా సముద్రాలు అప్పటికన్నా వేడెక్కాయి. అందుకే వాతావరణ శాఖ ఇప్పుడు సముద్రాన్ని, గాలిని కలిపి లెక్కించే కంప్యూటర్ మోడళ్లను వాడుతూ, అంచనాతో పాటు దానికెంత అవకాశముందో శాతాల్లో చెబుతోంది. రైతులు ఆ శాఖ ఏప్రిల్‌లో ఇచ్చే సీజన్ అంచనా ఒక్కటే నమ్మి విత్తనాలు వేయకుండా, విత్తే ముందు రెండు వారాల అంచనా తప్పక చూసుకోవాలి.