పీహెచ్‌డీ గైడ్‌ని హెచ్-ఇండెక్స్ చూసి ఎంచుకోవచ్చా?

తమ్ముడూ, ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది, ఇద్దరు గైడ్‌లు తీసుకుంటామన్నారు, పాతికేళ్ల సర్వీసున్న సార్‌ది హెచ్-ఇండెక్స్ 35, ఈమధ్యే చేరిన అనలిటికల్ కెమిస్ట్రీ (ఏది ఎంతుందో కొలిచే కెమిస్ట్రీ) మేడమ్‌ది 12, ఎవరి దగ్గర చేరాలి అని కదా అడిగావు. నాది టెక్కలి సైడే, కెమిస్ట్రీలోనే పీహెచ్‌డీ చేసి ఇప్పుడు పైడిభీమవరంలో ఫార్మా ల్యాబ్‌లో పని చేస్తున్నా. నా మాట ఒకటే, నంబర్ చూసి డిసైడ్ అవ్వకు, ఆ సైటేషన్లు, అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో వీళ్ల పేపర్‌ని ప్రస్తావించిన చోట్లు, తెరిచి చదువు.

హెచ్-ఇండెక్స్ అంటే 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క. 12 అంటే కనీసం 12 సార్లు సైట్ అయిన పేపర్లు 12 ఉన్నాయని. ఇది పెరగడమే గానీ తగ్గదు, మనిషి రిటైరయినా పెరుగుద్ది, కాబట్టి వాళ్లిద్దర్నీ పక్కపక్కన పెట్టడమే సరికాదు.

పైగా ఒక్క పేపర్‌కి ఎన్ని వేల సైటేషన్లు వచ్చినా ఈ లెక్కలో అది ఒకటే పేపరు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కే అనే సైంటిస్టుతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు, ప్రపంచం మొత్తం వాడింది, వాడారు కాబట్టే సైట్ చేశారు. యాసిడ్‌లో మాలిబ్డేట్ వేస్తే ఫాస్ఫేట్‌తో కలుస్తుంది, ఆ తర్వాత రెడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే నీలం వస్తుంది, నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఉద్దానం వైపు బోరు నీళ్లలో ఫాస్ఫేట్ చూడ్డానికి నేను పీహెచ్‌డీలో పట్టుకున్నది ఈ కెమిస్ట్రీనే. అక్కడ చిక్కేంటంటే సిలికా కూడా మాలిబ్డేట్‌తో కలిసి నీలమే ఇస్తుంది, యాసిడ్ తగ్గితే లేని ఫాస్ఫేట్ ఉన్నట్టు కనపడుద్ది, అందుకని యాసిడ్ ఎంత ఉండాలో తేల్చుకునేసరికే నాకు ఒక సీజన్ పోయింది, థీసిస్‌లో అది రెండు లైన్లు. ఇలాంటి పని ఏ ఇండెక్స్‌లోనూ కనపడదు. ఇంకా సుబ్బారావు గారు 1948లోనే పోయారు, ఏ పేపర్‌ని ఎవరు సైట్ చేశారో లెక్కపెట్టే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది 1964లో, అంటే ఆయన పని చేసినన్నాళ్లూ ఈ లెక్కలే లేవు.

నువ్వు చెయ్యాల్సిందేంటంటే గూగుల్ స్కాలర్‌లో సార్ టాప్ పేపర్ కింద 'సైటెడ్ బై' నొక్కి ఓ నాలుగైదు పేపర్లు తెరువు, ఆయన రిఫరెన్స్ నంబర్ ఎక్కడ పడిందో వెతుకు. ఇంట్రడక్షన్‌లో "ఈ కేటలిస్టుల మీద చాలా పని జరిగింది" అని చెప్పి 8 నుంచి 19 దాకా రిఫరెన్స్ నంబర్లన్నీ ఒకే బ్రాకెట్‌లో పడేశారనుకో, అది శుభలేఖ కింద "బంధుమిత్రుల అభినందనలతో" అని వేసినట్టు, అందులో ఎవరి పేపరున్నా ఒకటే. అదే ఎక్స్‌పెరిమెంటల్ సెక్షన్‌లో "వీళ్ల పద్ధతి ప్రకారం తయారు చేశాం" అనో, డిస్కషన్‌లో "వీళ్లకొచ్చిన ఈల్డ్ మాకు రాలేదు, కారణం ఇదీ" అనో ఉంటే ఆ పేపర్‌ని ఎవరో కూర్చుని నిజంగా చదివారన్నమాట. మేడమ్ పేపర్లకి కూడా ఇలాగే చెయ్. సైట్ చేసినవాళ్లలో సగం మంది సొంత స్టూడెంట్లేనా, టాప్ పేపర్ రివ్యూ ఆర్టికలా (అప్పటిదాకా అందరూ చేసిన పనిని కలిపి చెప్పేది) అన్నది కూడా చూడు, రివ్యూలకి మామూలుగానే ఎక్కువొస్తాయి.

ఇంకోటి, ఇది నాకు బాగా బాధనిపించే విషయం. మా ల్యాబ్‌లో ఒక ఇంప్యూరిటీకి మెథడ్ కావాలంటే ముందు పబ్లిష్ అయిన హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలో ఉన్నవాటిని విడగొట్టి కొలిచే మెషిన్) పేపర్లే ముందరేసుకుంటాం, కాలమ్ ఏది, బఫర్ పీహెచ్ ఎంత, గ్రేడియెంట్ ఎలా అన్నీ వాటిలోంచే మొదలెడతాం. కానీ మేం పేపర్ రాయం, రిపోర్ట్ ఫైల్లో ఉండిపోద్ది. ఆ మెథడ్ మీద ఇక్కడ మందుల బ్యాచ్‌లు రిలీజ్ అవుతుంటాయి, ఏ చిన్న కాలేజీలోనో దాన్ని కష్టపడి చేసిన లెక్చరర్‌కి మాత్రం ఒక్క సైటేషన్ కూడా చేరదు. మేడమ్‌ది అనలిటికల్ అన్నావు కాబట్టి ఆ 12ని తక్కువగా చూడకు.

చివరికి వాళ్లిద్దరి పాత స్టూడెంట్లతో మాట్లాడు. థీసిస్ ఎన్నేళ్లకి సబ్మిట్ చేశారు, ఫస్ట్ ఆథర్‌గా పేరు ఎవరిది పడింది, ఇన్‌స్ట్రుమెంట్ మీద సొంతంగా కూర్చోనిచ్చారా లేదా అని అడుగు. పీహెచ్‌డీకిచ్చే ఫెలోషిప్ డబ్బులు, జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి ఐదేళ్లే, ఆ తర్వాత ఇంట్లో డబ్బులు అడగాలి, అది మన సైడు ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. మాట్లాడాక వాళ్లేమన్నారో ఇక్కడే రాయి, చూసి చెప్తా.