మిల్లులో సర్వరు పెట్టబోయే మేనకోడలికి

చిన్నీ,

అమలాపురం మిల్లు కాటా చీటీలు, స్టాకు లెక్కలు డెబియన్ లినక్స్ సర్వరులోకి మారుస్తున్నావని, హైదరాబాదులో కూర్చునే నడుపుతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అందరికంటే నాకే సంతోషం, నాకే టెన్షన్. డెస్క్‌టాప్, అంటే బొమ్మల తెర, లేకుండా వేస్తానన్నావట, మంచిదే. కాటాకి బొమ్మలెందుకు? మెమరీ మిగులుతుంది, అప్‌డేట్ చేయాల్సిన సరుకూ తగ్గుతుంది.

అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతాతో నేరుగా లాగిన్ వద్దు. పాస్‌వర్డ్ బదులు కీ ఫైలు వాడు. పెద్ద పనులు టీమక్స్ అనే ప్రోగ్రాములో చెయ్యి, నెట్ పోయినా ఆగవు. ఇవన్నీ నీకు తెలుసు.

తెలిసినవాళ్ళే పడే గొయ్యి ఇంకొకటుంది. నాతో పనిచేసిన కుర్రాడు, చురుకైనవాడే, రాజమండ్రి నుంచి ఒక లంక ఊళ్ళో సర్వరుకి ఫైర్‌వాల్ పెట్టాడు. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఆ ఫైర్‌వాల్ ఆన్ చేస్తే బయటినుంచి వచ్చేవన్నీ ఆపేస్తుంది. ముందే దూరం నుంచి లాగినయ్యే దారైన ఎస్‌ఎస్‌హెచ్‌కి, అంటే 22వ పోర్టుకి, అనుమతివ్వాలి. వీడు ఇవ్వలేదు. ఉన్న కనెక్షన్లు తెగొచ్చు, కానివ్వనా అని అది అడిగింది కూడా. సరేనని వై కొట్టేశాడు. తీరా ఏమీ తెగలేదు! అప్పటికే తెరిచున్న లాగిన్ సెషన్ని అది పోనిచ్చింది. కమాండ్లన్నీ చక్కగా పలుకుతున్నాయి. ఎగ్జిట్ కొట్టి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి లోపలికి దారి లేదు, ఇక మిషను దగ్గరికే వెళ్ళాలి. చూడబోతే వరదల రోజులు, ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక, కాజ్‌వే మీద నీళ్ళు. పాలిథిన్ చుట్టిన మానిటర్ ఒళ్ళో పెట్టుకుని పడవెక్కాడు. "టీవీయా బాబూ, ఈ వరదలో?" అన్నాడట పడవాయన.

నువ్వు మాత్రం పాత సెషన్ మూయకుండా ఇంకో టెర్మినల్ నుంచి కొత్తగా లాగినై చూడు. పది నిమిషాల్లో ఫైర్‌వాల్ దానంతటదే ఆగేలా చెప్పిన టైముకి పని నడిపే ఎట్ కమాండుతో ముందే పెట్టుకో. లోపలికి రాగలిగాక ఆ జాబ్ తీసెయ్యి.

కరెంటు సంగతి మర్చిపోతావు, నాకు తెలుసు. సర్వీసులు నడిపే కమాండు సిస్టమ్‌సీటీఎల్‌తో స్టార్ట్ అంటే ప్రోగ్రాము ఇప్పటికి మాత్రమే లేస్తుంది, రీబూటయ్యాక కూడా లేవాలంటే ఎనేబుల్ చెయ్యాలి. కరెంటొస్తే మిషను తనే ఆనయ్యేలా బయోస్ సెట్టింగుల్లో మార్చు. లేకపోతే ధాన్యం లారీలు గేటు దగ్గర ఆగిపోతే గుమాస్తాగారు నన్ను లేపుతారు.

పెట్టె కాటా గదిలో వద్దు, తవుడు దుమ్ము ఫ్యాన్లో అట్టకడుతుంది. పైగదిలో పెట్టు. బ్యాకప్ ఊరికి బయట ఇంకోచోట ఉండాలి. 1996 నవంబరు తుఫానుకి చిట్టా పుస్తకాలన్నీ తడిస్తే తాతయ్య ఒక్కో కాగితం విడదీసి ఎండబెట్టారు. సిరా కారిపోయి రైతుల బాకీలు సగం కనబడలేదు. వాళ్ళు చెప్పిందే రాసుకున్నారు ఆయన. బ్యాకప్ తీశానంటే నేను ఒప్పుకోను, వేరే మిషన్లో ఎక్కించి చూపించాలి.

ఫైర్‌వాల్ పెట్టే రోజు ముందు చెప్పు. మానిటర్, కీబోర్డు పట్టుకుని నేను పైగదిలో కూర్చుంటాను. మెట్లెక్కుతున్నానని అత్తకి మాత్రం చెప్పకు.

మీ మావయ్య