నెల్సన్ బోర్ కొట్టే ఊరేం కాదండీ

మీ ప్రశ్న ఇదీ: ఇంగ్లండ్‌లో, లాంకషైర్‌లోని బర్న్‌లీ హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది, అద్దెలు తక్కువని పక్కనే ఉన్న నెల్సన్‌లో ఇల్లు చూస్తున్నారు. మూతబడ్డ మిల్లులు తప్ప అక్కడేమీ లేదని ఒకరు, అది క్రికెట్ ఊరని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట నమ్మాలి? మీ బాబుకి క్రికెట్ పిచ్చి అని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మేం కుటుంబంతో ఉంటున్నది నెల్సన్‌లోనే.

మిల్లులు మూతబడ్డ మాట నిజమే. కానీ ఈ ఊరికి క్రికెట్ అబ్బింది ఆ మిల్లుల వల్లే. 1849లో రైలు వచ్చేనాటికి నెల్సన్ అని ఒక ఊరే లేదు. మార్స్‌డెన్ అనే పల్లెలు, దారి పక్కన లార్డ్ నెల్సన్ పేరుతో ఒక సత్రం, అంతే. సత్రం పేరు స్టేషన్‌కి వచ్చింది, స్టేషన్ పేరు ఊరికి వచ్చింది. ఆ తర్వాత మగ్గాల షెడ్లు పుట్టుకొచ్చాయి. భార్యాభర్తలిద్దరూ మిల్లుకి వెళ్లే కార్మికుల ఊరది. వాళ్లకి వారంలో దొరికే తీరిక శనివారం మధ్యాహ్నం నుంచే. జిల్లాల జట్లు ఆడే కౌంటీ క్రికెట్ చూద్దామంటే మూడేసి రోజుల ఆట, అదీ పని రోజుల్లో. అందుకే ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయే మ్యాచ్‌లతో, పాయింట్ల పట్టికతో 1892లో చుట్టుపక్కల ఊళ్ల క్లబ్బులు కలిసి లాంకషైర్ లీగ్ పెట్టుకున్నాయి. జట్టంతా ఊరివాళ్లే, ఒక్కడు మాత్రం జీతం తీసుకునే ప్రొఫెషనల్. అతని జీతం వచ్చేది సభ్యుల చందాల్లోంచి, గేటు దగ్గర టికెట్ డబ్బుల్లోంచి. ఎవరైనా యాభై కొడితే మైదానం చుట్టూ డబ్బా తిప్పేవారు, జనం తోచినంత వేసేవారు. అంటే స్టార్ ఆటగాణ్ణి పోషించింది ఏ కోటీశ్వరుడో కాదు, మగ్గం దగ్గర నిలబడి పనిచేసే మనిషి.

నా దృష్టిలో ఈ ఊరి గొప్పతనం అదే. దానికి లియరీ కాన్‌స్టంటైన్ కథ చాలు.

ట్రినిడాడ్‌లో, బానిసల వంశంలో పుట్టిన ఆల్‌రౌండర్ ఆయన. మెరుపు ఫీల్డర్. 1929లో నెల్సన్ క్లబ్ ఆయన్ని ప్రొఫెషనల్‌గా పెట్టుకుంది. అప్పటికి ఈ ఊళ్లో నల్లజాతి మనుషులు దాదాపు లేరు. పిల్లలు కిటికీల్లోంచి ఇంట్లోకి తొంగి చూసేవారట. జాతి పేరుతో తిడుతూ ఉత్తరాలు వచ్చేవి. మొదటి సీజన్లోనే వెళ్లిపోదామనుకుంటే భార్య నోర్మా ఆపింది. ఉండిపోయాడు. 1937 వరకు ఆడిన తొమ్మిది సీజన్లలో నెల్సన్ ఏడుసార్లు లీగ్ గెలిచింది, మిగతా రెండుసార్లూ రెండో స్థానం. 1934లో ఆక్రింగ్టన్ జట్టు మీద ఒకే ఇన్నింగ్స్‌లో 10 పరుగులిచ్చి పదికి పది వికెట్లూ తీశాడు. నెల్సన్ జట్టు ఏ ఊరు వెళ్తే ఆ ఊరి క్లబ్ గేటు దగ్గర డబ్బులు నిండేవి. ఆయన్ని చూడ్డానికే జనం వచ్చేవారు.

ఆయన ఉన్న ఇల్లు మెరెడిత్ స్ట్రీట్‌లో ఉంది. వెళ్లి చూడండి. గోడకి గోడ ఆనుకున్న రాతి ఇళ్ల వరస. నాలుగడుగులు దాటితే ఇంకో తలుపు. ప్రముఖులు ఉన్న ఇళ్లకి పెట్టే నీలం ఫలకం లేకపోతే ఏది ఆయన ఇల్లో గుర్తుపట్టలేరు. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్లలో ఒకడు మిల్లు కార్మికుల మధ్య, వాళ్లలాంటి ఇంట్లోనే ఉన్నాడు. 1932లో రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ ట్రినిడాడ్ నుంచి వచ్చి ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి చుట్టుపక్కల ఊళ్లలో సభలకి వెళ్లి వెస్టిండీస్‌కి స్వపరిపాలన కావాలని మాట్లాడేవారు. బ్రిటిష్ పాలనలో మనవాళ్లూ అదే కోరుతున్న కాలం కదా, ఆ వీధిలో నిలబడినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1931లో గాంధీజీ వచ్చిన డార్వెన్ కూడా ఇక్కడికి దగ్గరే. మన విదేశీ వస్త్ర బహిష్కరణతో పనులు దెబ్బతిన్న మిల్లు కార్మికులే ఆయన్ని ఆప్యాయంగా పలకరించారు.

1943లో లండన్‌లో ముందే గది బుక్ చేసుకున్నా రంగు చూసి ఒక హోటల్ కాన్‌స్టంటైన్‌ని ఉండనివ్వలేదు. కోర్టుకి వెళ్లి గెలిచాడు. తర్వాత లాయరయ్యాడు, ట్రినిడాడ్ ప్రభుత్వంలో మంత్రిగా పనిచేశాడు. 1963లో నెల్సన్ ఆయనకి పౌర గౌరవం ఇచ్చింది. 1969లో బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి సభ్యుడయ్యాడు. ఆ సభ్యులకి ఊరి పేరుతో బిరుదు ఉంటుంది, ఆయన బిరుదులో పెట్టుకున్న ఊళ్లు రెండు: ట్రినిడాడ్‌లోని మరవల్, ఇంకోటి నెల్సన్. మా పక్కింటి పెద్దాయన క్రికెట్ అసలు చూడడు, ఆటంటే ఆయనకి బర్న్‌లీ ఫుట్‌బాలే. అయినా ఈ బిరుదు సంగతి మాత్రం కొత్తగా వచ్చినవాళ్లకి కూర్చోబెట్టి మరీ చెప్తాడు.

కాన్‌స్టంటైన్ వెళ్లాక 1938లో ఆ చోటికి వచ్చింది మన లాలా అమర్‌నాథ్. తర్వాతి కాలంలో కపిల్ దేవ్ కూడా నెల్సన్‌కి ఆడాడు. పక్క ఊళ్లకీ ఇలాంటి వైభవమే: ఎవర్టన్ వీక్స్ బేకప్‌లో, వివ్ రిచర్డ్స్ రిష్టన్‌లో ఆడారు. 1952లో వినూ మన్కడ్ హాస్లింగ్డన్ క్లబ్‌కి ప్రొఫెషనల్. మొదటి టెస్ట్ ఓడిన భారత జట్టు ఆ క్లబ్‌ని అడిగి ఆయన్ని తెచ్చుకుంది. లార్డ్స్ మైదానంలో జరిగిన రెండో టెస్ట్‌లో 72, 184 కొట్టి, అయిదు వికెట్లు తీశాడు. ఇక్కడివాళ్లు ఇవన్నీ నిన్న మొన్న జరిగినట్టు చెప్తారు. ఫుట్‌బాల్‌లోనూ ఒక ముచ్చట ఉంది. 1923లో నెల్సన్ జట్టు స్పెయిన్ వెళ్లి రియల్ మాడ్రిడ్‌ని 4-2తో ఓడించింది. ఇప్పుడా నెల్సన్ జట్టు చిన్న లీగుల్లో ఆడే క్లబ్.

ఇంత చెప్పాక ఇప్పటి సంగతీ చెప్పాలి. 1960ల నుంచి మిల్లుల్లో రాత్రి షిఫ్టులు చేయడానికి పాకిస్తాన్ నుంచి చాలామంది వచ్చారు. తర్వాత మిల్లులు పోయాయి, కుటుంబాలు ఉండిపోయాయి. వాళ్ల మనవలే ఇప్పుడు ఈ చుట్టుపక్కల క్లబ్బుల స్కోర్‌కార్డుల్లో కనిపిస్తారు. అయితే మైదానంలో కలిసి ఆడినవాళ్లు సాయంత్రం కలిసి కూర్చోవడం ఇంకా తక్కువే. క్లబ్బులకి బార్ ఆదాయం ముఖ్యం. మద్యం ముట్టని కుటుంబాలేమో ఆట అవగానే ఇంటికి బయల్దేరతాయి. ఎవరి తప్పూ కాదు, కానీ నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. కాన్‌స్టంటైన్‌ని కలుపుకున్న ఊరు ఈ పిల్లల్నీ పూర్తిగా కలుపుకోవాలి. టీ, సమోసాలు పెట్టి అందరూ కాసేపు ఆగేలా చేద్దామని క్లబ్బుల్లో కొందరు గట్టిగా ప్రయత్నిస్తున్నారు. మీలాంటి కొత్త కుటుంబాలు వస్తే వాళ్లకి బలం.

ఇక ఉపయోగపడే విషయాలు. గ్రౌండ్ పేరు సీడ్‌హిల్. సీజన్ ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబర్ దాకా సాగుతుంది. పెద్ద జనం ఉండరు, కూర్చోడానికి ఎక్కడైనా చోటు దొరుకుతుంది. స్కోరుబోర్డు పిల్లలే మారుస్తుంటారు, అడిగితే మీ వాడికీ ఆ పని ఇస్తారు. జూలై అయినా స్వెట్టర్, గొడుగు తీసుకెళ్లండి. పెండిల్ కొండ కనిపిస్తే వాన రాబోతోందనీ, కనిపించకపోతే పడుతోందనీ ఇక్కడ సామెత. బాబుని జూనియర్ సెక్షన్‌లో చేర్చండి. ఆట రాకపోయినా తీసుకుంటారు, మా అమ్మాయి బ్యాట్ పట్టుకోవడం నేర్చుకున్నది అక్కడే. మొదటిసారి వెళ్లడానికి మాత్రం బర్న్‌లీతో మ్యాచ్ ఉన్న రోజు చూసుకోండి. ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ జిమ్మీ ఆండర్సన్ ఆడిన క్లబ్ అది, నెల్సన్‌కి పక్కింటి పోటీ.