ఎర్లీ వేశాం అక్కా, ఇప్పుడేం చెయ్యాలి?

మొన్న బ్రిడ్జ్‌వాటర్ గుడిలో పులిహోర తింటుంటే ఒకమ్మాయి నన్ను పక్కకి లాక్కెళ్ళింది. హైదరాబాద్ నుంచి వచ్చి రెండేళ్ళయింది. భర్తది హెచ్ వన్ బీ, కొడుకు ట్వెల్త్ గ్రేడు. "అక్కా, వాడి కాలేజీ అప్లికేషన్ ఎర్లీ, అంటే మామూలు గడువు కంటే ముందే, నవంబర్ 1కి వేసేశాం. ఇంటర్వ్యూకి రమ్మని మెయిలొచ్చింది. అప్పట్నించీ వాడికి అన్నం సయించట్లేదు, నాకు నిద్ర పట్టట్లేదు. ఏం ప్రిపేర్ చేయించాలి?" అంది.

"ఎర్లీ డెసిషనా, ఎర్లీ యాక్షనా?" అనడిగాను.

"ఎర్లీ అక్కా."

అంటే ఆ ఇంట్లో అసలు కంగారు పడాల్సిన చోట ఎవరూ పడట్లేదన్నమాట. ఆ సంగతికి తర్వాత వస్తాను. తను అడిగింది ఇంటర్వ్యూ గురించి కదా, ముందు అది.

మనకి ఇంటర్వ్యూ అంటే ఉద్యోగానికో, కాన్సులేట్ కిటికీ దగ్గరో. ఎదుటివాడి చేతిలో మన తలరాత ఉంటుంది. ఇది అలాంటిది కాదు. ఎక్కువగా ఆ కాలేజీలో చదువుకుని వెళ్ళినవాళ్ళే చేస్తారు, జీతం లేకుండా, ఆఫీసు అయ్యాక. యేల్, ఎంఐటీ లాంటి చోట్ల వాళ్ళకి పిల్లల మార్కులు గానీ, ఎస్సేలు గానీ చూపించరు. అరగంటో గంటో మాట్లాడి, మనిషి ఎలా ఉన్నాడో రాసి పంపుతారంతే. యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో ఇంటర్వ్యూ అనే మాటే మానేసి పాత విద్యార్థులతో సంభాషణ అంటున్నారు. బ్రౌన్ యూనివర్సిటీలో అదీ లేదు, కావాలంటే చిన్న వీడియో పంపుకోవచ్చు. పక్కింటి పిల్లకి పిలుపొచ్చి మీవాడికి రాకపోతే, మీ వైపు వాలంటీరు ఎవరూ దొరకలేదని అనుకోండి. పిలవనంత మాత్రాన తీసేసినట్టు కాదు.

ఇంత తెలిసీ నేను చేసిన నిర్వాకం చెప్తాను. మావాడికి ఇంటర్వ్యూ అనగానే ఎంసెట్ రోజులు పూనాయి నాకు. నలభై ప్రశ్నలు, నలభై జవాబులు ప్రింటు తీసి, అన్నం దగ్గర కూడా అప్పజెప్పించాను. ఊళ్ళో లైబ్రరీలో కలుద్దామన్నారు. వాణ్ణి దింపి కారులోనే కూర్చున్నాను. హీటరు వేసుకుని, అద్దంలోంచి లైబ్రరీ తలుపు చూస్తూ, విష్ణుసహస్రనామం పెట్టుకుని. యాభై నిమిషాలకి బయటికొచ్చాడు, నవ్వుకుంటూ. "నీ నలభైలో ఒక్కటీ అడగలేదు" అన్నాడు.

మరేం మాట్లాడావురా అంటే, వాన గురించట! మా మావగారు గుంటూరు దగ్గర ఊళ్ళో మిరప వేస్తారు. ఎప్పుడు ఎంత వాన పడిందో నోటుబుక్కులో రాసుకుంటారు. ఆయన్ని చూసి వీడూ మా పెరట్లో వానకొలత గొట్టం ఒకటి పాతాడు. నేనైతే దాన్ని ఎక్కడా చెప్పొద్దన్నాను, పిల్లచేష్టలా ఉంటుందని. ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన రిటైరైన సివిల్ ఇంజినీరట. మా వీధిలో కాలవ ఎందుకు పొంగుతుందో మావాడు ఆయనకి కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాడట.

కాబట్టి మీ అబ్బాయికి జవాబులు బట్టీ పట్టించకండి. తను ఇష్టంగా చేసే పని ఒకటి, ఆ కాలేజీ గురించి నిజంగా తెలుసుకోవాలనుకునే సంగతులు రెండు, అంతే చాలు. మన పిల్లలకి ఒక్క ఇబ్బంది ఉంటుంది. పెద్దవాళ్ళ ముందు తల దించుకుని, అడిగినదానికే జవాబు చెప్పడం మర్యాదని మనమే నేర్పాం. తలెత్తి మాట్లాడినా, తిరిగి ప్రశ్న అడిగినా ఇక్కడ పొగరనుకోరని వాడికి ముందే చెప్పండి. అయ్యాక రెండు వాక్యాల థాంక్యూ మెయిల్ పెట్టాలి. మీరు లోపలికి వెళ్ళకండి. జూమ్‌లో అయితే ఆ గది తలుపు వెనక కూడా నిలబడకండి!

ఇప్పుడు ఎర్లీ సంగతి. ఎర్లీ డెసిషన్ అయితే, సీటొస్తే చేరతామని పిల్లాడితో పాటు మీరూ సంతకం పెట్టారు. అలా సీటొచ్చాక మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఎర్లీ యాక్షన్‌కి ఆ కట్టుబాటు లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లది మూడో రకం. సీటొస్తే చేరాలని లేదు కానీ వేరే ప్రైవేటు కాలేజీలకి ఎర్లీ వెయ్యకూడదు. రట్గర్స్ లాంటి స్టేట్ యూనివర్సిటీలకి వేసుకోవచ్చు.

హెచ్ ఫోర్ మీద, అంటే హెచ్ వన్ బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా మీద, ఉన్న పిల్లలకి ఫెడరల్ ఎయిడ్, అంటే ఇక్కడి ప్రభుత్వం చదువుకిచ్చే డబ్బు సాయం, రాదు. ఇక్కడి హైస్కూల్లోనే చదివినా చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్ళని ఇంటర్నేషనల్ లెక్కలోనే వేస్తాయి. డబ్బు సంగతి చూడకుండా వాళ్ళని తీసుకునేవి హార్వర్డ్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొద్ది కాలేజీలే. ఎయిడ్ అడిగాక, ఇచ్చింది చేరడానికి చాలకపోతే ఎర్లీ డెసిషన్ నుంచి వదిలేస్తారు, నిజమే. కానీ డిసెంబర్లో ఆ బేరం ఆడేకంటే, రేపే స్కూల్ కౌన్సెలర్‌ని కలిసి మీరు సంతకం పెట్టింది దేనికో కనుక్కోండి. నీ నిద్ర సగం అక్కడే ఉందమ్మా.

మిగతా సగం వాడిది. ఎర్లీ ఫలితం చాలాచోట్ల డిసెంబర్ మధ్యలో వస్తుంది. రెగ్యులర్, అంటే మామూలు అప్లికేషన్ల గడువులు చాలావాటికి జనవరి మొదట్లోనే. ఇప్పుడు చేతులు ముడుచుకుని కూర్చుంటే, కాదన్న రోజు ఏడుస్తూ పది ఎస్సేలు రాయాలి. మిగతావి ఇప్పుడే రాయించండి. అవి తయారుగా ఉంటే మెయిలు తెరిచేటప్పుడు చెయ్యి అంత వణకదు. అయినా తిండీ నిద్రా వారాల తరబడి తేడాగానే ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి. అక్కడ చెప్పింది కాలేజీకి పోదు. మరీ భయమనిపిస్తే, మనసు బాగోలేనివాళ్ళ కోసం ఉన్న 988 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు, ఏ వేళైనా.

మావాణ్ణి ఆ పెద్దాయన కాలేజీ తీసుకోలేదు. డిసెంబర్లో డిఫర్, అంటే ఇప్పుడే చెప్పం తర్వాత చూస్తాం, అన్నారు, మార్చిలో లేదన్నారు. డిఫర్ వచ్చిన రోజు సాయంత్రం ఏడింటికి మా హాల్లో ముగ్గురం ఒక్క లాప్‌టాప్ చుట్టూ నిలబడ్డాం. గుంటూరులో అప్పుడు తెల్లవారుజాము ఐదున్నర. మావగారు లేచి ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, ఏడింటికి వస్తుందని నేనే ముందు చెప్పాను మరి. వాడి మొహం చూశాక నా చెయ్యి ఫోన్ మీదకి పోలేదు. మీరు మాత్రం తేదీ ఇండియాలో ఎవరికీ చెప్పకండి.